లంకమల పాదంలో ఉపగ్రహ ఇంటర్నెట్: మా పఠన మందిరం పనుల డైరీ

ఆగస్టు 11, 2024, ఆదివారం

ఈ రోజు పఠన మందిరం తాళం తీసి, అరలు దులిపి, పని మొదలుపెట్టాను. మా ఊరు కడప జిల్లాలో లంకమల కొండల పాదంలో ఉంది. సిద్ధవటం నుంచి బద్వేలు వెళ్ళే దారి వదిలి చాలా దూరం లోపలికి రావాలి. మూడు పక్కలా కొండే. సెల్ టవర్ కొండకు అవతల ఉండటంతో ఫోను మోగాలంటే చెరువు కట్ట చివరి దాకా నడవాలి. పరీక్షల దరఖాస్తుల కాలంలో పిల్లలు ఆ కట్ట మీదే, ఎండలో, ఫోను పైకెత్తి నిలబడతారు.

కేబుల్ వేయించుకోవచ్చు కదా అని కడపలో మిత్రులు అడిగారు. దారిలో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఉంది. 1900 తర్వాత ఎవరి కంటా పడక, అంతరించిపోయిందనుకున్న కలివి కోడి 1986లో మళ్ళీ కనబడింది ఈ పొదల్లోనే. దాని కోసం తెలుగు గంగ కాలువ దారినే మార్చారు. అలాంటి చోట కందకం తవ్వాలంటే అనుమతులు అంత తేలిగ్గా రాకూడదు, రావు కూడా. అది సరైనదేనని నేను నమ్ముతాను.

ఈ పని నెత్తికెత్తుకోవడానికి అసలు కారణం వేరే ఉంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. మా చిన్నమ్మ కుటుంబం ఆ ఏటి ఒడ్డు ఊరిలోనే ఉండేది. బతికి ఉన్నారని మాకు తెలియడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ అమ్మ ముద్ద ముట్టలేదు. నేల మీద వంతెనలూ స్తంభాలూ తీగలూ కొట్టుకుపోయినా నిలిచే దారి ఒకటి ఊరికి ఉండాలని అప్పుడే అనుకున్నాను.

ఆగస్టు 25

లెక్కలు పూర్తయ్యాయి. మేము తీసుకుంటున్న సేవ ఇస్రో వారి సమాచార ఉపగ్రహం జీశాట్-11 ద్వారా వస్తుంది. భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తులో, తూర్పు రేఖాంశం 74 డిగ్రీల దగ్గర దాని చోటు. ఆ ఎత్తులో ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం, భూమి తన చుట్టూ తాను తిరిగే సమయం ఒకటే. అందుకే మనకు అది ఒకే చోట నిలబడినట్టు ఉంటుంది. డిష్‌ను ఒకసారి గురిపెట్టి బిగిస్తే చాలు, తిప్పే యంత్రం అక్కర్లేదు.

మా ఊరి నుంచి చూస్తే దిక్కు ఉత్తరం నుంచి 199 డిగ్రీలు, అంటే నేరు దక్షిణానికి 19 డిగ్రీలు పడమరగా. ఎత్తు కోణం 72 డిగ్రీలు. ఈ 72 అనే అంకె వచ్చినప్పుడు కాగితం పక్కన పెట్టి బయటికి వచ్చి ఆకాశం చూశాను. దాదాపు నడినెత్తి! టవర్ సిగ్నల్‌ను ఆపే కొండ దీన్ని తాకను కూడా తాకదు. ఢిల్లీలో ఉన్నవాళ్ళకు ఇదే ఉపగ్రహం ఇంకా చాలా కిందికి కనబడుతుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉండటం మనకు దక్కిన వరం.

ఊళ్ళో అందరి బెంగ మాత్రం చింతచెట్టు గురించి. మందిరానికి దక్షిణంగా ఉంది, నలభై అడుగుల ఎత్తు ఉంటుంది.

"ఆ చెట్టు కొట్టేయాల్సి వస్తుందా నాయనా?" అని అవ్వ అడిగింది. ఆ చెట్టు ఆమె అత్తగారు నాటిందట.

"అవసరం లేదవ్వా. చెట్టు ఎత్తులో మూడో వంతు దూరం జరిగితే చాలు, పైన దారి దొరుకుతుంది."

72 డిగ్రీల కోణానికి లెక్క అంతే: అడ్డం ఎంత ఎత్తుంటే అందులో మూడో వంతు ఎడం కావాలి. కొమ్మల అంచు నుంచి పదిహేను అడుగులు వదిలి, ఈశాన్యం మూల నేల మీద గుర్తు పెట్టాను. చెట్టు ఇంకా పెరుగుతుంది కాబట్టి ఆ ఒకటి రెండు అడుగులు అదనం. మొదట మిద్దె మీద పెడదామనుకున్నాము. కానీ మందిరానిది పాత నాపరాళ్ళ కప్పు. 1.2 మీటర్ల డిష్‌కు గాలి తగిలితే తెరచాపలా లాగుతుంది, ఆ లాగుడుకు రాళ్ళ అతుకులు వదులవుతాయి. నేలే మేలు.

సెప్టెంబరు 15

చవితి పండగ అయ్యాక గుంట తవ్వాము. అడుగు లోతు నుంచే రాయి. గడ్డపారతో రెండు రోజులు పట్టింది. మూడు అంగుళాల ఇనుప పైపు నిలబెట్టి కాంక్రీటు పోశాము. అది గుంటలో తిరగకుండా అడుగున అడ్డంగా కడ్డీలు వెల్డింగ్ చేయించాను.

పైపు నిట్టనిలువుగా ఉండటం ఈ పనిలో అన్నింటికంటే ముఖ్యం. అది ఒక డిగ్రీ వాలితే, డిష్‌ను పక్కకు తిప్పినప్పుడల్లా ఎత్తు కోణం కూడా మారిపోతుంది, ఆ తర్వాత ఎంత వెతికినా ఉపగ్రహం దొరకదు. 36,000 కిలోమీటర్ల దూరంలో ఒక డిగ్రీ అంటే 600 కిలోమీటర్లకు పైమాట. మా మేస్త్రీ రసమట్టం నాలుగు పక్కలా ఆనించి చూశాడు, ఆ తర్వాత గుండు దారం కూడా వేలాడదీశాడు. "రసమట్టం అబద్ధం చెప్పవచ్చు సార్, గుండు చెప్పదు" అన్నాడు. కాంక్రీటు గట్టిపడే దాకా ప్రతి గంటకూ వచ్చి చూసి వెళ్ళాడు. ఆయనకు ఈ పని కూలి పని కాదని నాకు అప్పుడు అర్థమైంది.

సెప్టెంబరు 29

ఈ డైరీలో నాకు ఎప్పటికీ గుర్తుండే రోజు ఇదే.

లెక్క ప్రకారం ఉపగ్రహం అక్కడ ఉంది. కానీ కంటికి కనబడని దాన్ని చూపించి ఊరివాళ్ళను ఎలా ఒప్పించాలి? దారిలో కొమ్మ అడ్డం లేదని నేను మాత్రం ఎలా నిర్ధారించుకోవాలి? సూర్యుడే సాయం చేశాడు. ఏడాదికి రెండు విడతలు, విషువత్తులకు (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులకు) కాస్త అటూ ఇటూగా, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక నుంచి సాగిపోతాడు. ఉత్తరార్ధగోళంలో ఉన్న మనకు ఉపగ్రహం ఖగోళ మధ్యరేఖకు, అంటే భూమధ్యరేఖను ఆకాశం దాకా చాచితే వచ్చే గీతకు, రెండున్నర డిగ్రీలు దక్షిణంగా కనబడుతుంది. అందుకే మార్చిలో విషువత్తుకు వారం ముందు, సెప్టెంబరులో వారం తర్వాత ఈ కలయిక జరుగుతుంది. మా ఊరికి ఈ విడత లెక్క కట్టితే వచ్చింది సెప్టెంబరు 29, మధ్యాహ్నం 12 గంటల 28 నిమిషాలు.

పదిమందిమి పైపు చుట్టూ చేరాము. ఇద్దరు పిల్లలకు గడియారం పని అప్పజెప్పాను. మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. 12:25కి ఎండ విప్పింది. 12:28కి పైపు నీడ పొట్టిగా, కొద్దిగా తూర్పుకు ఒరిగి ఉత్తరంగా పడింది. పైపు తలకాయ మీద, డిష్ కూర్చోబోయే చోట, ఎండ నిండుగా ఉంది. చింతచెట్టు నీడ అంచు ఇంకా పద్నాలుగు అడుగుల దూరంలోనే ఆగింది.

"ఇప్పుడు సూర్యుడు ఉన్న చోటే మన ఉపగ్రహం చోటు" అని చెప్పాను. అవ్వ చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక క్షణం పైకి చూసి, చెట్టు వైపు చూసి, ఏమీ అనకుండా తల ఊపింది. నీడ రేఖ మీద సున్నంతో గీత గీశాము. దిక్సూచి కంటే నాకు ఆ గీత మీదే నమ్మకం. ఇనుప పైపు పక్కన దిక్సూచి ముల్లు నిలకడగా ఉండదు.

మీరు ఎక్కడైనా డిష్ పెట్టాలనుకుంటే, వీలైతే ఈ రోజుల కోసం ఆగండి. కొలతలన్నీ సరిచూసుకోవడానికి ఇంతకంటే సులువైన మార్గం నాకు తెలియదు.

అక్టోబరు 6

సేవ ఇచ్చే సంస్థ సాంకేతిక నిపుణులు ఇద్దరు డిష్, పెట్టెలతో వచ్చారు. ఈ పరికరం పైకి కూడా పంపుతుంది కాబట్టి లైసెన్సు ఉన్న సంస్థ మనుషులే బిగించాలి. మనం సొంతంగా తిప్పి చూసుకునే డీటీహెచ్ డిష్ లాంటిది కాదు ఇది. గురి తప్పితే మన సిగ్నల్ పక్కనున్న వేరే ఉపగ్రహంలో దూరి, ఎక్కడో ఎవరి పనో చెడగొడుతుంది.

సున్నం గీత మీద డిష్ మొదటిసారి నిలబెట్టగానే మీటరులో ముల్లు కదిలింది. పెద్ద నిపుణుడు ఆశ్చర్యపోయాడు. మామూలుగా వెతకడానికే అరగంట పడుతుందట. తర్వాత మరలు వెంట్రుకవాసి తిప్పుతూ, పెరిగిన చోట ఆపుతూ, తిరిగి వెనక్కి తెస్తూ మరో గంట. చివరికి హబ్ కేంద్రానికి (ఉపగ్రహాన్ని ఇంటర్నెట్‌తో కలిపే సంస్థ భూకేంద్రానికి) ఫోను చేసి, తరంగాలు సరైన వాలులో వెళ్తున్నాయో లేదో చూసే ధ్రువణ పరీక్ష చేయించారు. ఆ ఫోను కోసం ఒకరు చెరువు కట్ట మీద నిలబడితే, కట్ట నుంచి మందిరం దాకా వరసగా నిలబడిన పిల్లలు అంకెలు అందించారు. "ఇంకొంచెం ఎడమకు" అన్న మాట ఆరు గొంతులు దాటి డిష్ దగ్గరికి వచ్చేది. మా ఊరు ఉపగ్రహానికి అందింది ఆ ఆరు గొంతుల మీదుగానే.

డిష్ ముఖం చూసినవాళ్ళకు ఒక అనుమానం వస్తుంది. ఉపగ్రహం 72 డిగ్రీల ఎత్తులో ఉంటే ఇది అంత పైకి చూడటం లేదేమిటని. ఇది ఆఫ్‌సెట్ డిష్. సిగ్నల్‌ను అందుకునే మూతి, ఫీడ్ హార్న్, మధ్యలో కాక కింది అంచు వైపు ఉంటుంది కాబట్టి, ముఖం అసలు కోణం కంటే ఇరవై డిగ్రీల పైచిలుకు కిందికి వాలి కనబడుతుంది. వాన నీరు నిలవకుండా జారిపోవడం అదనపు లాభం.

సాయంత్రం 4:10కి మోడెమ్ దీపాలన్నీ ఆకుపచ్చగా వెలిగాయి. సిగ్నల్ నాణ్యత 12.6 డెసిబెల్స్. మొదటి పింగ్, అంటే ఒక పలకరింపు వెళ్ళి జవాబు తిరిగి రావడానికి పట్టిన సమయం, 618 మిల్లీసెకన్లు.

అక్టోబరు 20

ఆ 618 గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందని అందరూ అంటున్నది దీన్నే. నా మాట ఇక్కడి నుంచి ఉపగ్రహానికి 36,050 కిలోమీటర్లు ఎక్కాలి, దాదాపు అంతే దూరం హబ్‌కు దిగాలి, జవాబు అదే దారిన తిరిగి రావాలి. మొత్తం 1,44,000 కిలోమీటర్లు. కాంతి వేగంతోనే దానికి 0.48 సెకను పడుతుంది, మిగతాది యంత్రాల పని. దీన్ని ఏ ఇంజనీరూ తగ్గించలేడు. దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే చిన్న ఉపగ్రహాలతో ఇది తగ్గుతుంది కానీ, వాటికి వేల సంఖ్యలో ఉపగ్రహాలు కావాలి.

నీళ్ళు దూరం నుంచి మోసుకొచ్చే ఇంట్లో ఏం చేస్తారు? తొట్టి కడతారు. మా సీమవాళ్ళకు ఇది చెప్పాల్సిన పని లేదు. నేను చేసింది కూడా అదే. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్‌కు పెద్ద డిస్కు తగిలించి మందిరంలో పెట్టాను. రాత్రి అందరూ పడుకున్నాక అది పాఠాల వీడియోలు, తెలుగు వికీపీడియా ప్రతి, వికీసోర్స్ పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు దించుకుంటుంది. పగలు పిల్లలు చదివేది ఆ తొట్టిలోంచే. ఒకే పాఠం ముప్పైమంది చూసినా ఆకాశం నుంచి వచ్చేది ఒక్కసారే. నెలకు ఇంతే డేటా అనే పరిమితి మీద కూడా భారం పడదు.

రెండో పని చిరునామాల వెతుకులాట. ఒక పేజీ తెరవాలంటే ముందు దాని చిరునామా అడగాలి, తర్వాత పలకరింపు, తర్వాత మాటలు గుట్టుగా సాగడానికి తాళాల మార్పిడి, చివరికి పేజీ అడగడం. ఒక్కోదానికి ఒక రాకపోక అయినా పేజీలో మొదటి అక్షరం కనబడేసరికి రెండు సెకన్లు దాటుతుంది. చిరునామాలను మందిరంలోనే దాచుకునే డీఎన్‌ఎస్ కాష్ పెట్టాక తేడా నాకే కాదు, పిల్లలకూ తెలిసింది.

మూడోది మోడెమ్ తనంతట తాను చేస్తుంది. మామూలు పద్ధతిలో పంపేవాడు కొంత సరుకు పంపి, అందిందన్న రసీదు వచ్చే దాకా ఆగుతాడు. 64 కిలోబైట్లు పంపి 0.6 సెకను ఆగితే, దారి ఎంత వెడల్పయినా వేగం సెకనుకు 0.85 మెగాబిట్లు మించదు. అందుకని ఇక్కడి మోడెమ్, అక్కడి హబ్ ఎవరి వైపు వాళ్ళు ముందుగానే రసీదులు ఇచ్చేస్తాయి. సరుకంతా తాళం వేసి పంపే వీపీఎన్ వాడితే మాత్రం ఈ సాయం అందదు, లోపల ఏముందో మోడెమ్‌కు కనబడదు. బెంగళూరు సంస్థకు ఇంటి నుంచి పని చేస్తున్న మా ఊరి యువకుడికి ఈ సంగతి ముందే చెప్పాను.

నవంబరు 19

నిన్న అర్ధరాత్రి ఎవరూ నిద్రపోలేదు. 12 గంటల 1 నిమిషానికి అమెరికాలోని కేప్ కెనావెరల్ నుంచి మన దేశపు కొత్త ఇంటర్నెట్ ఉపగ్రహం జీశాట్-ఎన్2 ఫాల్కన్-9 రాకెట్‌పై బయలుదేరింది. బరువు 4,700 కిలోలు, సామర్థ్యం సెకనుకు 48 గిగాబిట్లు. మన రాకెట్ ఎల్‌వీఎం-3 ఆ కక్ష్యకు నాలుగు టన్నుల దాకానే మోయగలదు కాబట్టి అక్కడి నుంచి పంపారు. మేము చూసిన ఆ దృశ్యం మాకు చేరింది జీశాట్-11 మీదుగా.

పిల్లలు జీశాట్-11 కథ అడిగారు. దాని బరువు 5,854 కిలోలు. 2018 మార్చిలో మరో ఇస్రో ఉపగ్రహం జీశాట్-6ఏతో సంబంధాలు తెగిపోయాక, అప్పటికే ఫ్రెంచ్ గయానాలోని కౌరూకు చేరిన జీశాట్-11ను మళ్ళీ బెంగళూరుకు తెప్పించి పరీక్షించారు. అంత దూరం, అంత ఖర్చు. చివరికి డిసెంబరు 5న ఏరియాన్-5 రాకెట్ మీద వెళ్ళింది. పైకి పోయాక ఎవరూ చెయ్యి పెట్టలేరు కదా. గుండు దారం వేలాడదీసిన మా మేస్త్రీ ఈ కథ విని చాలాసేపు మాట్లాడలేదు.

దేశం మొత్తాన్ని ఒకే గొడుగు కింద కప్పకుండా, జీశాట్-11 సిగ్నల్ 32 చిన్న కిరణాలుగా విడిపోయి ఒక్కో ప్రాంతం మీద పడుతుంది. దూరంగా ఉన్న రెండు కిరణాలు ఒకే ఫ్రీక్వెన్సీని మళ్ళీ వాడుకోవచ్చు. దాని సామర్థ్యమంతా ఆ కిటుకులోనే ఉంది.

డిసెంబరు 1

ఫెంగల్ తుఫాను నిన్న రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఇక్కడ తెల్లవారుజాము నుంచి వాన. నేను ఎదురుచూసిన పరీక్ష ఇదే.

మామూలు వానకు సిగ్నల్ 12.6 నుంచి 9కి తగ్గింది. మోడెమ్ తనంతట తాను నెమ్మది పద్ధతికి మారింది, పని ఆగలేదు. మధ్యాహ్నం 2:20కి కుండపోత. 4కి పడిపోయి, తర్వాత పూర్తిగా తెగింది. పదకొండు నిమిషాలు. మా డిష్ వాడే కేయూ బ్యాండ్ తరంగాల నిడివి రెండు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే, దట్టమైన వాన చుక్కలు వాటిని మింగేస్తాయి. వాన పలచబడగానే దానంతట అదే తిరిగి వచ్చింది. కరెంటు మాత్రం ఉదయమే పోయింది. మొత్తం పరికరాలకు 65 వాట్లు చాలు కాబట్టి 150 ఏహెచ్ బ్యాటరీ రాత్రి దాకా మోసింది.

పదకొండు నిమిషాలకూ రెండు రోజులకూ ఉన్న తేడా అమ్మకు చెప్పాను.

డిసెంబరు 8

వాన ఆగి వారమైనా సిగ్నల్ 8 దగ్గరే ఆగిపోయింది. మూడు రోజులు డిష్ గురినే అనుమానించాను. అది తప్పు. సున్నం గీత, మరల గుర్తులు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. చివరికి కేబుల్ చివర విప్పితే లోపల పచ్చని చిలుం. అతుకు మీద చుట్టిన టేపు సందులోంచి నీళ్ళు దిగి, కేబుల్ లోపలికి పాకాయి. ఆ ముక్క కోసేసి కొత్త కనెక్టర్ వేశాము. సాగదీసి చుడితే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు కింది నుంచి పైకి చుట్టాము. కేబుల్‌ను గోడలోకి పోయే ముందు ఒకసారి కిందికి వంచి పైకి తీసుకెళ్ళాము. నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. మళ్ళీ 12.5.

ఎర్తింగ్ గుంటలో బొగ్గు, ఉప్పు మార్చాము. రాతి నేల కావడంతో వేసవిలో నీళ్ళు పోస్తూ ఉండాలి. ఆ పని పదో తరగతి అమ్మాయి ఒకరు తీసుకున్నారు.

జనవరి 19, 2025

ఆశా కార్యకర్త వారానికి రెండు రోజులు ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవనిలో డాక్టరుతో మాట్లాడిస్తున్నారు. మొదట్లో డాక్టరూ రోగీ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగి, తికమక పడేవారు. గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను: "చెప్పండి. ఆగండి. వినండి." ఇప్పుడు పెద్దవాళ్ళే బాగా మాట్లాడుతున్నారు. ట్రంకు కాల్ రోజులు చూసినవాళ్ళు వాళ్ళు. పసుపు రైతులు ఉదయాన్నే వచ్చి కడప మార్కెట్ ధర చూసుకుని బండి కట్టాలా వద్దా అన్నది తేల్చుకుంటున్నారు.

మార్చి 14

సూర్యుడు తిరిగి ఆ చోటికి వచ్చాడు. ఈసారి లెక్క 12 గంటల 46 నిమిషాలు. సెప్టెంబరులో దారి చూపిన సూర్యుడే ఇప్పుడు సిగ్నల్‌ను ముంచేస్తాడు. డిష్ దృష్టిలో ఉపగ్రహం వెనకే నిలబడతాడు, అతని రేడియో హోరులో ఉపగ్రహం గొంతు వినబడదు. మూడు నాలుగు రోజులు ఇలా కొన్ని నిమిషాలపాటు ఉంటుందని ముందే పలక మీద రాసి పెట్టాము. ఈ వారాల్లోనే రాత్రి పూట భూమి నీడ ఉపగ్రహం మీద పడుతుంది, గంటకు పైగా కూడా. అప్పుడు అది తన బ్యాటరీల మీద నడుస్తుంది. మనకు తేడా తెలియదు.

బడి పిల్లలు పలకల మీద అంకెలు రాసుకున్నారు. 12:42కి 12.4. 12:44కి 7. ఎండ డిష్ మీద పడి, వెలుగు మరక ఒకటి ఫీడ్ హార్న్ వైపు మెల్లగా జరిగింది. 12:46కి ఆ మరక సరిగ్గా హార్న్ మూతి మీద కూర్చుంది. గురి ఎంత బాగా కుదిరిందో నాకు అంతకంటే రుజువు అక్కర్లేదు. మోడెమ్ దీపం ఆరింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. 12:50కి మళ్ళీ వెలిగింది. 12:53కి 12.5.

అవ్వ ఈసారి కుర్చీ తెప్పించుకుని చింతచెట్టు నీడలో కూర్చుని చూసింది. చెట్టు కొత్త చిగురు వేస్తోంది. డిష్ వైపు కొమ్మ ఆరు నెలల్లో జానెడు పెరిగింది, కొలిచి గోడ మీద గుర్తు పెట్టాను. వచ్చే సెప్టెంబరులో మళ్ళీ నీడ కొలవాలి.